నాలుగో అంకంలో రాణి

“గుర్తుపట్టలేదు,” అంది రాణిగారు కుర్చీలోంచి లేవకుండానే. “కన్నకొడుకని తెలిసి ఏ తల్లీ గుమ్మంలోంచి పంపెయ్యదు. ఇది అర్థం కావడానికి డైరెక్షన్ నేర్చుకోనక్కర్లేదు. కడుపున ఒకళ్ళని కంటే చాలు.”

“మీరెవర్ని కన్నారు?” అంది డైరెక్టరు.

విదూషకుడి టోపీకి గంటలు కుడుతున్న టైలరు చేతిలో సూది ఆగింది. రాకుమారుడి వేషం కట్టే పళ్ళ డాక్టరు స్క్రిప్టును ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. రిహార్సల్ హాలు కింద కలప డిపోలో రంపం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

“కనలేదు. నువ్వూ కనలేదు. ఇద్దరం గొడ్రాళ్ళమే, సరేనా? ఇప్పుడు సీను చూద్దాం,” అంది రాణిగారు.

ఆమె అసలు పేరు నాటక సంఘంలో చాలామందికి తెలియదు. ముప్ఫయ్యేళ్ళుగా ఏ నాటకంలో రాణి ఉన్నా ఆ వేషం ఆమెదే. రాణి లేని నాటకమైతే అది రాసినవాడి తప్పు. సంఘాన్ని పెట్టిన పెద్దాయన ఆమె భర్త. ఆయన పోయాక సంఘం మూతపడే స్థితికి వస్తే, సభ్యులే వెళ్ళి ఆయన కూతుర్ని పిలుచుకొచ్చారు. ఆ కూతురే ఈ డైరెక్టరు, మొదటి భార్య బిడ్డ. వేరే ఊళ్ళో పెద్ద సంఘాల్లో నాటకాలు ఆడించి పేరు తెచ్చుకున్న మనిషి. వరసకు రాణిగారు ఆమెకు పిన్ని. కానీ ఆ పిలుపు ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆమె “మీరు” అంటుంది, ఈమె “నువ్వు” అంటుంది. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

డైరెక్టరు ఏరికోరి తెచ్చిన నాటకం నాలుగువందల ఏళ్ళ కిందటి తీరుది. అయిదంకాలు, ఒక కోట, ఒక కుట్ర, విషం, అన్నీ తెలిసిన విదూషకుడు, చివర్లో వరసగా శవాలు. రాజు పోయాక రాణి రాజ్యం ఏలుతుంటుంది. కొడుకు నిన్ను దించెయ్యాలని చూస్తున్నాడని మంత్రి ఆమెను నమ్మిస్తాడు. ఆమె కొడుక్కి దేశబహిష్కారం విధిస్తుంది. నాలుగో అంకంలో ఆ కొడుకు జబ్బుపడి, బిచ్చగాడి గుడ్డల్లో, కోట వెనక తలుపు తడతాడు. తలుపు తీసేది రాణే. రొట్టెముక్క చేతిలో పెట్టి, “తిని వెళ్ళిపో. చీకటి పడితే ఈ దారిలో కాపలావాళ్ళుంటారు,” అంటుంది. వాడు వెళ్తాడు. అదే దారిలో కాపలావాళ్ళ చేతిలో చస్తాడు. అయిదో అంకంలో శవం ముందు కూర్చుని రాణి ఏడుస్తుంది, విషం తాగుతుంది.

ఇంతకూ తలుపు తీసినప్పుడు కొడుకును గుర్తుపట్టిందా లేదా? నాటకంలో ఎక్కడా రాసిలేదు. గొడవంతా అక్కడే.

“కాపలావాళ్ళు బిచ్చగాడిని ఏం చేస్తారండీ?” అంది డైరెక్టరు. “వాళ్ళు వెతుకుతున్నది ఒక్కడినే. ఆ ఒక్కడు వీడేనని తెలియకపోతే ఆ హెచ్చరిక ఎందుకు చేస్తుంది? తెలుసు. తెలిసే పంపించింది. కిరీటం ముఖ్యమనుకుంది.”

“మరి అయిదో అంకంలో ఏమంటుంది? ‘ముందే తెలిసి ఉంటే ఈ తలుపు నీకు మూసేదాన్నా’ అంటుంది. అది నీ పుస్తకంలో లేదా? చెదలు తిన్నాయా?”

“అబద్ధమాడుతుంది.”

“శవం ముందు?”

“శవం ముందే.”

రాణిగారు నవ్వింది. ఆ నవ్వు హాలు చివరి వరసదాకా వెళ్ళేలా నవ్వడం ఆమెకు అలవాటు.

“అమ్మాయ్, ఈ రకం నాటకాలకి ఒక పద్ధతి ఉంది. పాత్రలు ఒకళ్ళతో ఒకళ్ళు ఎన్ని అబద్ధాలైనా ఆడతారు. ఒంటరిగా ముందుకొచ్చి మాట్లాడేటప్పుడు మాత్రం నిజమే చెబుతారు. మంత్రి అంతటి వెధవ కూడా నేనిలా మోసం చెయ్యబోతున్నానని జనానికి చెప్పే మోసం చేస్తాడు. మీ నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. నీకు నేర్పే తీరిక ఆయనకి దొరికినట్టు లేదు.”

డైరెక్టరు చెంపలు ఎర్రబడ్డాయి. కానీ గొంతు పెరగలేదు. “ఆవిడ అక్కడ ఒంటరిగా లేదు. మెట్ల పక్కన విదూషకుడు పడుకుని ఉన్నాడు.”

“నేను నిద్రపోతుంటాను కదమ్మా,” అన్నాడు టైలరు. విదూషకుడి వేషం ఆయనదే.

“లేచాక మీ మొదటి మాటేంటి?”

టైలరు ఒకసారి రాణిగారి వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. “‘రాణులు ఏడ్చేటప్పుడు గోడలు చెవులు మూసుకోవాలి.’”

“అంటే?”

“అంటే... విన్నాననే కదమ్మా.”

“చూశారా. ఎవడో ఒకడు వింటాడని తెలిసే ఏడ్చింది. రేపు ఊరంతా రాణి పాపం ఎంత ఏడ్చిందో అని చెప్పుకోవాలి. ఆ ఏడుపు కూడా రాజకీయమే.”

రాణిగారు స్క్రిప్టు మూసి బల్లమీద పడేసింది. “సాక్ష్యానికి టైలరుని పిలిచావన్నమాట. బాగుంది. నేను మాత్రం గుర్తుపట్టను. నా కళ్ళు నా ఇష్టం.”

అది మొదటి ఆదివారం. తరువాతి వారాలు అంతకన్నా అధ్వాన్నంగా నడిచాయి. నాలుగో అంకం రాగానే రాణిగారు రొట్టెముక్కను వాకిట్లో కాకికి వేసినట్టు డాక్టరు చేతిలో వేసేది. మాట మాత్రం కప్పు వైపు చూసి చెప్పేది. “వాడి ముఖం చూడండి,” అంటే, “రాణులు బిచ్చగాళ్ళ ముఖాలు చూడరు,” అనేది. డాక్టరుకు ఇది పెద్ద అవస్థ అయింది. నలభై దాటిన ఆ మనిషి ఇరవయ్యేళ్ళ రాకుమారుడిలా కనబడడానికి పొట్ట బిగబట్టి నిలబడతాడు. వీళ్ళిద్దరి వాదన తెగేసరికి ఊపిరి అందక చమటలు పట్టేవి.

“మేడమ్, నేను లోపల చచ్చిపోతున్నాను,” అన్నాడొకసారి.

“అయిదో అంకం దాకా ఆగండి,” అంది డైరెక్టరు.

అందరూ నవ్వారు. రాణిగారు నవ్వలేదు. నవ్వితే ఓడినట్టని ఆమె లెక్క.

ప్రదర్శనకు రెండు వారాలుండగా డైరెక్టరు ఓపిక అయిపోయింది. “ఈ వేషం వేరేవాళ్ళకి ఇస్తాను,” అంది అందరి ముందూ.

“ఇయ్యి. నీ మొహం చూసి జనం వస్తారేమో చూద్దాం.”

“పోనీ ఒక్కసారి చూడండి. నేను చేసి చూపిస్తాను. నచ్చకపోతే మీ ఇష్టం.”

రాణిగారు కుర్చీని వెనక్కి లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చుంది. డైరెక్టరు నటి కాదు. ఆ మాట ఆమే చెప్పుకుంటుంది. అయినా తలుపు చట్రం వెనక నిలబడి, డాక్టరు తట్టగానే గొళ్ళెం తీసింది. వాడి ముఖం చూసింది. ఆ చూపులో అనుమానమేమీ లేదు. ఎవరో తెలిసిపోయింది. వెంటనే ఆ తెలియడాన్ని లోపలికి మింగేసింది. రొట్టె ఇచ్చింది. తరువాత, స్క్రిప్టులో లేకపోయినా, కుర్చీకి వేలాడుతున్న డాక్టరు సంచీ తీసి అతని భుజానికి తగిలించింది. పట్టీ మెలిక పడితే వేలితో సరిచేసింది. అతన్ని భుజం పట్టి, గట్టిగా కాదు, మెత్తగా, వీధివైపు తిప్పింది. “తిని వెళ్ళిపో,” అంది.

డాక్టరు నిజంగానే రెండడుగులు నడిచి వెళ్ళిపోయాడు.

“ఆ సంచీ నాటకంలో లేదు,” అంది రాణిగారు.

డాక్టరు సంచీ తీసి మళ్ళీ కుర్చీకి తగిలించాడు.

“టైలరుగారూ, వీళ్ళని తీసుకెళ్ళి టీ తాగి రండి. నిదానంగా తాగండి.”

మెట్లమీద చివరి అడుగుల చప్పుడు ఆగేదాకా ఆమె కదల్లేదు. తరువాత లేచి, తలుపు చట్రం దగ్గరకు వచ్చి, దాన్ని చేత్తో పట్టుకుని నిలబడింది.

“ఈ నాటకం ఎందుకు తెచ్చావా అనుకున్నాను. ఇదా సంగతి. ఇంతమందిని కూడగట్టి, ఇంత సరంజామా వేసి, ముసలిదాన్ని స్టేజీ ఎక్కించి, నేను పాపిష్టిదాన్నని నా నోటితోనే నాకు చెప్పించాలని.”

“నాకప్పుడు పన్నెండేళ్ళు,” అంది డైరెక్టరు. “జ్వరం. హాస్టలు గోడ దూకి, రెండు బస్సులు మారి వచ్చాను. మీరు తలుపు తీశారు. నన్ను లోపలికి రానివ్వలేదు. వరండాలో పీటమీద కూర్చోబెట్టి అన్నం పెట్టారు. సంచీ భుజానికి తగిలించి బస్సెక్కించారు. నాన్న ఊళ్ళో లేరన్నారు. వచ్చానని చెబితే ఆయన బాధపడతారు, చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు.”

“అవును. చెప్పలేదు. బుద్ధిమంతురాలివి.”

“ఆయన ఉండి ఉంటే నన్ను పంపనిచ్చేవారు కాదు.”

రాణిగారు ఆమెను చాలాసేపు చూసింది. జాలితో కాదు. బేరం తెగక విసిగిపోయిన మనిషి చివరి ధర చెప్పేముందు చూసే చూపు అది.

“ఉన్నాడు,” అంది.

“ఏంటి?”

“ఇంట్లోనే ఉన్నాడు. పడగ్గదిలో, మంచం మీద, వేషం కోసం అరువు తెచ్చిన చెప్పులు కూడా విప్పకుండా పడుకుని ఉన్నాడు. కిటికీలోంచి నువ్వు రావడం ఆయనే ముందు చూశాడు. ‘నేను లేనని చెప్పు, ఏదో ఒకటి పెట్టి పంపించు, అది ఏడిస్తే నేను చూడలేను’ అన్నాడు. అన్నవాడు గోడవైపు తిరిగాడు. నేను వెళ్ళి తలుపు తీశాను.”

“అబద్ధం.”

“శవం ముందు కూడా అబద్ధమాడతాననే కదా నీ ఉద్దేశం. అనుకో.”

“పోయినవాళ్ళమీద నింద వెయ్యడం తేలిక.”

“తేలికే. మరి ఆయన ఉన్నన్నాళ్ళూ ఎందుకు వెయ్యలేదు? ముప్ఫయ్యేళ్ళు నువ్వు ఆయన్ని నెత్తిన పెట్టుకుని నన్ను కాలికింద వేసుకున్నావు. పోనీలే, తండ్రినైనా మిగలనిద్దాం అనుకున్నాను. ఇవాళ ఆ సంచీ తగిలించావు చూడు, ఇంక ఆ దానం చెయ్యబుద్ధి కాలేదు.”

డైరెక్టరు చేతులు వెనక్కి పెట్టుకుంది. “సరే. ఆయన చెప్పారనే అనుకుందాం. మీరు తలుపు తీసి ఉంచొచ్చు కదా. ఆయన మాట మీరు ఎప్పుడు విన్నారు గనక, ఆ ఒక్కరోజు వినడానికి?”

“ఉంచొచ్చు. ఉంచలేదు,” అంది రాణిగారు. “నాకూ నువ్వు అక్కర్లేదు. కొత్తగా పెళ్ళయింది. నువ్వు అచ్చం మీ అమ్మలా ఉండేదానివి. గోడమీద ఫొటోని భరించడమే కష్టంగా ఉంటే, అది అన్నం అడుగుతూ ఇల్లంతా తిరిగితే ఎలా? ఆయన చెప్పింది నాకు కావలసిందే. అందుకే విన్నాను. తెలిసిందా? పూర్తిగా తెలిసిందా, ఇంకా వివరంగా కావాలా?”

డైరెక్టరు మెట్లు దిగి వెళ్ళిపోయింది. టీ తాగి వస్తున్నవాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

ఆ వారం రిహార్సల్స్‌కు ఆమె రాలేదు. మానేసిందనే అందరూ అనుకున్నారు. రాణిగారు మాత్రం ఆమె కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. అది ఎవరికోసమూ ఖాళీగా ఉంచినట్టు కాదు, తన కళ్ళముందు ఇంకొకడు డైరెక్షన్ మొదలుపెట్టకుండా. పై ఆదివారం డైరెక్టరు మామూలుగా వచ్చి, మామూలుగా కూర్చుంది.

“నాలుగో అంకం మీ ఇష్టం,” అంది, ఎవరితోనో అన్నట్టు.

“ఎప్పుడూ నా ఇష్టమే,” అంది రాణిగారు.

ఆ తరువాత వాళ్ళిద్దరూ దీపాల గురించి, దుస్తుల గురించి తప్ప మాట్లాడుకోలేదు. టైలరు మధ్యలో తపాలా బంట్రోతు అయ్యాడు. “మెట్టు ఒకటి తగ్గించమని చెప్పండి.” “మోకాలు నొప్పయితే మెల్లగా దిగమని చెప్పండి.” పది అడుగుల దూరంలో ఉన్న మనుషుల మధ్య ఆయన అటూ ఇటూ తిరిగి మాటలు మోశాడు. ఒక దశలో విసిగి, “నాకు కూడా ఒక మాట చెప్పాలని ఉంది, ఎవరికి చెప్పమంటారు?” అన్నాడు. ఇద్దరూ ఒకేసారి కోపంగా చూశారు. ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళి తన మూలలో పడుకున్నాడు.

ప్రదర్శన రోజు సాయంత్రం హాలు బాగానే నిండింది. మొదటి అంకంలో మంత్రి కుట్ర చెబుతుంటే జనం తిట్టుకున్నారు. మూడో అంకంలో విదూషకుడి మాటలకు నవ్వారు. నాలుగో అంకం మొదలయ్యేసరికి డైరెక్టరు తెర పక్కన నిలబడింది. ఆమె నిలబడిన చోటికి తలుపూ, తలుపు వెనక చీకటీ రెండూ కనబడతాయి.

డాక్టరు తలుపు తట్టాడు. రాణిగారు వచ్చి గొళ్ళెం తీసింది. కప్పు వైపు చూడలేదు. వాడి ముఖం చూసింది. గుర్తుపట్టిందా లేదా అని డైరెక్టరు వెతికింది. అది తేలకముందే రాణిగారు ఎవరూ ఎదురుచూడని పని చేసింది. మెడ తిప్పి వెనక్కి, కోట లోపలి చీకట్లోకి చూసింది. ఆ చీకట్లో ఏమీ లేదు, ఒక నల్లగుడ్డ తప్ప. కానీ ఆమె ఆ గుడ్డను చూసినట్టు చూడలేదు. అక్కడ ఒక మనిషి ఉన్నట్టు, ఆ మనిషి తనను చూసి తల అడ్డంగా ఊపినట్టు, తాను దానికి ఒప్పుకున్నట్టు చూసింది. ముఖం ఇటు తిప్పేసరికి ఆ ముఖంలో తల్లి లేదు, రాణీ లేదు. వేరేవాళ్ళ పనిని తన పనిగా చేసుకున్న ఒక ఆడది ఉంది. పైగా ఆ పని ఆమెకు ఇష్టంగానే ఉంది.

“తిని వెళ్ళిపో,” అంది. గొంతు ఎక్కువా కాదు, తక్కువా కాదు. లోపలికి వినబడేంత.

ముందు వరసలో ఒకాయన పక్కనున్న ఆవిణ్ణి అడగడం డైరెక్టరుకు స్పష్టంగా వినిపించింది. “లోపల ఎవరున్నారు?”

అయిదో అంకంలోనూ అంతే. “ముందే తెలిసి ఉంటే” అన్న మాటను ఆమె శవానికి చెప్పలేదు, జనానికి చెప్పలేదు, మెట్ల పక్కన పడుకున్న టైలరుకూ చెప్పలేదు. మళ్ళీ ఆ నల్లగుడ్డకే చెప్పింది, నిష్ఠూరంగా, లెక్క తేల్చమన్నట్టు. ఆ మాట నిజమా అబద్ధమా అన్న వాదన అక్కడితో అర్థం లేనిదైపోయింది. జనం చప్పట్లు కొట్టడానికి కాస్త సమయం పట్టింది. కొట్టడం మొదలుపెట్టాక చాలాసేపు ఆపలేదు.

డైరెక్టరు మేకప్ గదిలోకి వెళ్ళింది. రాణిగారు నూనె గుడ్డతో ముఖం తుడుచుకుంటోంది.

“ఆ చూపు స్క్రిప్టులో లేదు.”

“సంచీ కూడా లేదు.”

“లోపల ఎవరూ లేరు. రాజు మొదటి అంకానికి ముందే చచ్చిపోయాడు.”

“అవును, చచ్చిపోయాడు,” అంది రాణిగారు. “నీకు ఎవరు కనబడ్డారు?”



మర్నాడు మధ్యాహ్నం ఆమె రాణిగారి ఇంటికి వెళ్ళింది. తండ్రి పోయినప్పుడు వరండాలో కూర్చుని వెళ్ళిపోయింది తప్ప, చిన్నప్పటి తరువాత ఆ ఇంటి లోపలి గదుల్లోకి ఆమె అడుగుపెట్టలేదు. తలుపు తీసిన రాణిగారు అడ్డంగానూ నిలబడలేదు, రమ్మనీ అనలేదు.

“మంచం అక్కడే ఉందా?”

“ఎక్కడికి పోతుంది? టేకు. నలుగురు ఉంటే తప్ప కదలదు.”

డైరెక్టరు పడగ్గదిలోకి నడిచింది. గది చిన్నది. మంచం ఒక పక్క గోడకు ఆనించి ఉంది. తలవైపు కిటికీ, కిటికీలోంచి వీధి మలుపు దాకా కనబడుతోంది. ఆమె చెప్పులు విప్పలేదు. అలాగే మంచం మీద పడుకుని, గోడవైపు తిరిగింది. సున్నం వాసన. కళ్ళు మూసుకుంది.

“ఏం చేస్తున్నావు?” అంది రాణిగారు గుమ్మంలోంచి.

“మీరు వెళ్ళి వీధి తలుపు దగ్గర నిలబడండి.”

“నాతో కూడా రిహార్సలేనా?”

అయినా వెళ్ళింది. ఆమె అడుగులు దూరమై ఆగిపోయాయి. ఏదైనా మాట్లాడుతుందని డైరెక్టరు ఎదురుచూసింది. రాణిగారు మాట్లాడలేదు, మొండికేసింది. అంతలో మెట్ల కింద వాటాలో అద్దెకుండే ఆమె వచ్చింది.

“అత్తయ్యగారూ, నీళ్ళ మోటారు వేశారా? మా కొళాయిలో చుక్క రావట్లేదు.”

“వేస్తాను. పిల్లాడికి ఎలా ఉంది?”

“ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందండీ. ఏమీ తినట్లేదు.”

“పలచగా ఏమైనా చేసి పట్టు. బలవంతం చెయ్యకు.”

ప్రతి మాటా వినబడింది. మాట మాత్రమే కాదు, ఆ కింది వాటా ఆమె నిద్రలేని గొంతులోని జీర, తడి చేతులు చీరకు తుడుచుకున్న చప్పుడు, గుమ్మం మీద పాదం మార్చి వేసిన చప్పుడు, అన్నీ. పీటమీద కూర్చున్న పన్నెండేళ్ళ పిల్ల అన్నం మింగలేక దగ్గితే ఇక్కడికి ఎంత బాగా వినబడి ఉంటుందో ఆమెకు అర్థమైంది. నాన్న ఎప్పుడొస్తారని ఆ పిల్ల అడిగింది. ఒక్కసారి కాదు, తినేంతసేపూ అడిగింది.

రాణిగారు తిరిగి వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

“వినబడుతుంది,” అంది డైరెక్టరు, గోడవైపు నుంచి తిరగకుండా.

“వినబడకేం? అర ఇటుక గోడ.”

“ఆయన ఏమైనా అన్నారా? నన్ను బస్సెక్కించి మీరు తిరిగి వచ్చాక?”

రాణిగారు ఆలోచించింది. అబద్ధం కోసం కాదు, గుర్తు తెచ్చుకోవడానికి.

“తిన్నదా అని అడిగాడు. సగం తిన్నదని చెప్పాను.”

డైరెక్టరు కదలకుండా పడుకునే ఉంది. ఏడుస్తుందేమోనని రాణిగారు కాసేపు చూసింది. ఆమె ఏడవలేదు.

“ఇంక లే,” అంది రాణిగారు. “చెప్పులతో పడుకున్నావు. పొద్దున్నే వేసిన దుప్పటి అది.”